లింబాద్రి ఎవరినీ ఎక్కనివ్వని పడవ

మా బిల్డింగు వెనక ఖాళీ స్థలంలో పడవ తయారైన నెలన్నర రోజులూ నేను ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. కూర్చోక తప్పలేదు. చేసేది పదకొండో తరగతి ఆడపిల్లలు నలుగురు, నేర్పేది మగమనిషి. సౌదీలో, మా జుబైల్‌లో ఆడపిల్లల బడిలోకి మగ మేస్త్రీ అడుగుపెట్టకూడదు. వడ్రంగం ప్రాజెక్టు బయట చేసుకోండి, పెద్దావిడ ఎవరైనా దగ్గరుండాలి అన్నారు బడివాళ్ళు. ఆ నలుగురిలో ఒకతె నా మనవరాలు ఏంజెల్.

మేస్త్రీని వెతికిపెట్టిందీ నేనే. పక్కింటి తలుపు సరిచేసి దిగుతున్నవాణ్ణి మెట్ల మీద ఆపి పేరేంటి, ఊరేంటి, పిల్లలెందరు అని అడిగాను. లింబాద్రి. జగిత్యాల దగ్గర పల్లె. ఒక్కతే కూతురు, కావ్య, పాలిటెక్నిక్ చదువుతోంది. పదిహేడేళ్ళుగా ఇక్కడ షట్టరింగ్ పని.

"షట్టరింగ్ అంటే?"

"కాంక్రీట్ పోసేటందుకు చెక్కలతోని అచ్చు గడ్తమమ్మా. అది గట్టిపడ్డంక చెక్కలు ఊడవీకుతం."

"అంటే పదిహేడేళ్ళు నువ్వు కట్టిందంతా నువ్వే పీకేశావా?"

నవ్వాడు. "చెక్కలే పీకినం. బిల్డింగులు ఆడ్నే ఉన్నయి. గీ మెట్లు గూడ మా అసొంటోడు గట్టినయే."

అది నితాఖత్ ఏడు. సౌదీవాళ్ళకు తగినన్ని ఉద్యోగాలిచ్చిన కంపెనీ పచ్చ, ఇవ్వనిది ఎరుపు అని ప్రభుత్వం రంగులు వేసింది. ఎరుపు కంపెనీలో పనివాడికి ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, మళ్ళీ రాయరు. లింబాద్రి కంపెనీ ఎరుపు. నవంబరు మొదటివారం లోపల వేరే కఫీల్, అంటే పూచీపడే యజమాని, దొరికి అతని పేరు మీదికి మారితే ఉండొచ్చు. దొరక్కపోతే ఎగ్జిట్, దేశం వదిలి పోవాల్సిందే. యాభైకి దగ్గరపడుతున్న షట్టరింగ్ కార్పెంటర్ని, ప్రతి కంపెనీ ఉన్నవాళ్ళనే పంపేస్తున్న రోజుల్లో, ఎవరు తీసుకుంటారు?

బడి తీసుకోవచ్చు అంది సుగ్రా బేగం. ఆవిడ ప్రాజెక్టు టీచరు, హైదరాబాదు మనిషి. మా ఇంట్లో టీ తాగుతూ లింబాద్రితో తిన్నగా చెప్పింది: "మా స్కూల్ గ్రీన్‌లనే ఉంది భాయ్. బాయ్స్ సైడుకి ఒక కార్పెంటర్ కావాలె. అక్టోబర్‌ల ఎగ్జిబిషన్ ఉంది. పిల్ల కూసుని పడవ నడిపిస్తుంటే ప్రిన్సిపాల్ సాబ్ చూడాలె, అంతే. ఆ రోజే లెటర్ రాయిస్త."

ఆ మాట విన్న దగ్గర్నుంచి లింబాద్రికి ఆ పడవ తప్ప మరో ధ్యాస లేదు.

అతనికి పడవ తెలియదు. కానీ సుగ్రా బేగం ఇచ్చిన కాగితాల్లో కొలతలున్నాయి, కొలత ఉంటే అతనికి చాలు. ప్లైవుడ్‌ని ఆకారానికి కోసి, అంచుల్ని రాగి తీగతో కుట్టి, కుట్టు వెంట గాజుపోగు పట్టీ వేసి రెజిన్ జిగురు పూయాలి. అది ఎండితే చెక్కా పట్టీ ఒకటైపోతాయి. నీళ్ళు చొరబడవు. కొత్త ప్లైవుడ్ బడి కొనిస్తానన్నా వినలేదు. "గంత ఖర్చెందుకు? సైట్ల మా షట్టరింగ్ చెక్కలే పడున్నయి. మంచి సరుకు" అని ఎవరినో బతిమాలి పికప్‌లో వేయించుకొచ్చాడు. మూడు రోజులు చిత్రిక పట్టి, సాండ్‌పేపర్ కొట్టి అద్దంలా చేశాడు.

"నూనె వాసనేంటి లింబాద్రీ?" అన్నాను.

"పాత చెక్క గట్లనే ఉంటదమ్మా."

నేర్పడం మాత్రం చూడలేకపోయేదాన్ని. ఏంజెల్ రంపం పట్టుకుంటే అతని మొహం పంటి నొప్పి వచ్చినవాడిలా అయ్యేది. రెండు కోతలు ఓర్చుకుని మూడోదానికి లాక్కునేవాడు. "సంపుతున్నవ్ బిడ్డా చెక్కను! చేతికి గాదు, భుజానికి పని చెప్పాలె."

"అంకుల్, అన్నీ మీరే కోసేస్తే ప్రాజెక్టు మీదవుద్ది. మేం బొమ్మల్లా నిలబడాలా?"

అప్పుడు రంపం ఇచ్చేసి, వెనక్కి చేతులు కట్టుకుని, తన మణికట్టు తనే గట్టిగా పట్టుకుని నిలబడేవాడు. అయిదు నిమిషాలు. మళ్ళీ మొదలు. నాకే ఒళ్ళు మండి, "ఆ పిల్లల్ని పాడు చేయనివ్వవయ్యా, లేకపోతే ఎలా నేర్చుకుంటారు?" అనేదాన్ని. "ఖరాబైతే నా లెటర్ ఖరాబైతదమ్మా" అనేవాడు.

మధ్యలో నాలుగు రోజులు రానేలేదు. అతనుండే క్యాంపు ముందు మలుపులోనే పోలీసులు చెకింగ్ పెట్టారట. అతని కార్డు తేదీ ఎప్పుడో దాటిపోయింది. పిల్లలు ఫోను చేస్తే, ఫోనులోనే పట్టీ ఎలా పరచాలో చెప్పాడు, వాళ్ళు చెప్పేది అర్థంకాక అరిచాడు, చివరికి ఏంజెల్ ఏడుస్తూ ఫోను పెట్టేసింది. అయిదో రోజు పాకిస్తానీ టాక్సీలో వెనక సీటు కింద నక్కి వచ్చాడు. దిగీ దిగగానే పడవ చుట్టూ తిరిగి, "మంచిగనే వేసిండ్రు" అన్నాడు. అదొక్కటే మెచ్చుకోలు, ఆ నెలన్నరలో.

నీలం రంగు వేశారు. చూడ్డానికి ఎంత బాగుందో. ఎగ్జిబిషన్ ఇంకా మూడు రోజులుందనగా ఏంజెల్ ఎండిన రెజిన్ ముక్క ఒకటి అంచున పొడుచుకుని ఉంటే గోరుతో గిల్లింది. ముక్క ఒక్కటే రాలేదు. దాంతోపాటు జానెడు పట్టీ లేచి వచ్చింది. కింద చెక్క నున్నగా, ఏమీ అంటనట్టు ఉంది.

లింబాద్రి మోకాళ్ళ మీద కూర్చుని ఆ చెక్కను వేలితో రుద్ది, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమైంది?" అన్నాను. "చెప్పు, ఏమైంది?"

"ఆయిలమ్మా. కాంక్రీట్ అంటకుండ చెక్కకు ఆయిల్ పూస్తం. పోసిన ప్రతిసారి. గీ చెక్కలకు ఎన్నిసార్లు పూసిన్నో లెక్కలేదు. నా చేతులతోనే." తల మీద చెయ్యి వేసుకున్నాడు. "లోపలిదాంక తాగింది. ఇంక దీనికేదీ అంటదు."

"వాసన వస్తోందని ఆరోజే అడిగానా లేదా?"

"అడిగినవమ్మా" అన్నాడు, అంతే.

మూడు రోజులు థిన్నర్‌తో కడిగారు, గీకారు, లోపలి మూలల్లో కర్రబద్దెలు పెట్టి స్క్రూలు బిగించారు. ఒక పక్కంతా మళ్ళీ చేశారు. రెండో పక్కకు టైము చాలలేదు. పైన రంగు వేసేస్తే మళ్ళీ కొత్త పెళ్ళికూతురిలా ఉంది. "పది నిమిషాలు నీళ్ళల్ల తేలితే చాలు భాయ్" అంది సుగ్రా బేగం. నేనూ అదే అన్నాను. ఏంజెల్ కూడా, "ఏం కాదు అంకుల్, నేను కదలకుండా కూర్చుంటా" అంది.

ఎగ్జిబిషన్ శుక్రవారం సాయంత్రం, తెలిసినవాళ్ళ కాంపౌండులో ఈతకొలను దగ్గర. ప్రిన్సిపాల్, తల్లిదండ్రులు చుట్టూ నిలబడ్డారు. నలుగురు పిల్లలూ పడవను నీళ్ళలో దింపారు. తేలింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏంజెల్ తెడ్డు అందుకుని కాలు ఎత్తింది. ఈత రాని పిల్ల.

"ఆగు బిడ్డా."

లింబాద్రి కొలను అంచున బోర్లా పడుకుని, చెయ్యి నీళ్ళలో పెట్టి రెండో పక్క కుట్టు వెంబడి తడుముతున్నాడు. లేచాడు. మోచేతి దాకా తడి. ప్రిన్సిపాల్ వైపు తిరిగి తనకు వచ్చిన హిందీలో చెప్పాడు: చెక్క తప్పు చెక్క, తెచ్చింది నేను, పట్టీ పట్టుకోలేదు, పిల్లను ఎక్కించవద్దు.

సుగ్రా బేగం కళ్ళతోనే అతన్ని ఆపబోయింది. నేనైతే చెయ్యి పట్టుకుని లాగాను. "తేలుతోంది కదయ్యా! కళ్ళ ముందు తేలుతోంది! అటు నుంచి ఇటు రెండు నిమిషాలు, అంతే!"

"తేలేది ఖాళీ పడవమ్మా."

ఆ ఖాళీ పడవ పావుగంట అలాగే తేలింది. చుక్క నీరు లోపలికి రాలేదు. జనం దానికేసి, అతనికేసి మార్చి మార్చి చూశారు. ఎవరో నవ్వారు. ప్రిన్సిపాల్ వాచీ చూసుకుని సుగ్రా బేగంతో ఏదో అని వెళ్ళిపోయాడు. ఏమన్నాడని ఆవిణ్ణి వదలకుండా అడిగాను.

"ఏమంటడు ఆంటీ? తన పని మీద తనకే నమ్మకం లేనోణ్ణి తీసుకుని ఏం చేస్తం అన్నడు."

అందరూ వెళ్ళాక పడవను గట్టుకి లాగి బోర్లించాం. ఏంజెల్ రెండో పక్క పట్టీ కొస పట్టుకుని లాగింది. ముందు నుంచి వెనక దాకా ఒక్క లాగుకే ఊడి చేతిలోకి వచ్చింది. చూడ్డానికి అప్పుడు ప్రిన్సిపాల్ లేడు, నవ్వినవాడూ లేడు. పిల్ల ఆ పట్టీని చేతికి చుట్టుకుని అక్కడే నేల మీద కూలబడిపోయింది.

పడవ ఎందుకు పాడైందో పిల్లలు రాసిన కాగితాలకు రెండో బహుమతి వచ్చింది. బడివాళ్ళు లింబాద్రికి ఉత్తరం రాయలేదు. నేను రెండుసార్లు ఫోను చేయించాను, సుగ్రా బేగం మూడుసార్లు అడిగింది. గడువుకు అయిదు రోజుల ముందు అతను వేలిముద్రలు వేసి ఎగ్జిట్ తీసుకున్నాడు.

వెళ్ళేముందు చెప్పి వెళ్దామని కింద గేటు దగ్గరికి వచ్చాడు. కావ్యకు ఇమ్మని చికెన్ పచ్చడి డబ్బా పట్టుకుని దిగాను. ఇవ్వకుండా ముందు అడిగేశాను. రాత్రుళ్ళు నిద్ర పట్టనివ్వని మాట అది.

"రెండు నిమిషాలు నోరు మూసుకుంటే ఏం పోయేది? మీ అమ్మాయి చదువు అయ్యేదాకా ఇక్కడ ఉండేవాడివి కదా. పిల్ల పడితే అంతమందిమి ఉన్నాం, తీయమా?"

అతను కోపం తెచ్చుకోలేదు. ఎక్కాలు రాని పిల్లకు చెబుతున్నట్టు చెప్పాడు.

"షట్టరింగ్ కింద మనుషులు తిరుగుతరమ్మా. ఏడనన్న డౌటుంటే ఎవ్వర్నీ కిందికి రానియ్యం. పడ్డంక తీద్దమని ఎవ్వలనరు."

పికప్‌వాడు హారన్ కొడుతున్నాడు. డబ్బా మూత తీసి, నూనె కారుతుందేమో చూసి, బిగించి, మళ్ళీ తీసి, మళ్ళీ బిగించి అతని చేతిలో పెట్టాను.