ఫ్రేము అడుగున రెండక్షరాలు

దక్షిణాఫ్రికాలోని వెరులం ఊరు మొత్తానికి పాత ట్రాక్ సైకిళ్ల పిచ్చి ఒక్క ఆల్ఫ్రెడ్‌కే ఉండేది. బ్రేకుల్లేని ఆ ఉక్కు సైకిళ్లు ఎవరి పెరట్లో తుప్పు పట్టి పడున్నా పసిగట్టి తెచ్చి బాగుచేసేవాడు. రంగు గీకే ముందు ఫ్రేమును అన్నివైపులా ఫొటో తీయడం అతని పద్ధతి. ఆదివారం మాత్రం పానా ముట్టుకోడు. చర్చిలో అతని ప్రార్థన వీధి చివరి దాకా వినిపించేది.

తొంభై ఐదులో పక్కింటి రానీ అవ్వ, చనిపోయిన తన భర్త కెస్సీ సైకిలును అతనికి అప్పగించింది. కెస్సీ తాత ఎన్ని పందేలు గెలిచినా తెల్లవాళ్ల ట్రాక్ మీద కాలు పెట్టనివ్వలేదు. వర్ణవివక్ష పోయాక ఇప్పుడు అదే ట్రాక్‌లో పాత సైకిళ్ల ప్రదర్శనకు అందరినీ రమ్మన్నారు.

"నేను బతికుండంగానే అది ఆడ నిలబడాల," అంది అవ్వ.

పెడళ్ల దగ్గరి గొట్టం అడుగున మసి తుడిచి ఫొటో తీస్తుంటే రెండు తెలుగు అక్షరాలు కనబడ్డాయి. ఆల్ఫ్రెడ్‌కు తెలుగు చదవడం రాదు. చిన్నప్పుడు తన సొంత తాతగారింట్లో దేవుడి పటాల కింద అలాంటి రాతే చూశాడు. ఇంకేముంది, మంత్రమే అనుకున్నాడు! యేసు నామం తలుచుకుని, ఆకురాయితో నున్నగా అరగదీసి, ఎర్రరంగు కొట్టాడు. పైగా మంచిపని చేశానని పొంగిపోయాడు.

ప్రదర్శన ముందు రోజు అవ్వ వచ్చి, సైకిలును చూసి మురిసిపోయింది. తర్వాత వంగి గొట్టం కింద వేలితో వెతికింది.

"నా పేరేది రా?"

"ఏం పేరు అవ్వా?"

"తాతకి రాయనొచ్చిన తెలుగు అదొకటే. పెళ్లయిన వారం మేకుతో చెక్కినాడు. అది తడిమే రేస్‌కి ఎక్కేటోడు."

"రస్ట్ తినేసింది అవ్వా."

ప్రార్థించే నోటితోనే అబద్ధమాడాడు. అవ్వ నమ్మింది. "నువ్వేం చేస్తావులే," అని భుజం తట్టింది. ఆ చెయ్యి తగలగానే ఆల్ఫ్రెడ్‌కు సిగ్గుతో తల వాలిపోయింది.

"రస్ట్ కాదవ్వా. నేనే ఫైల్‌తో గీకేసినా. దయ్యాల మంత్రం అనుకున్నా."

అవ్వ వంగి ఆ ఎర్రరంగు మీద మళ్లీ వేలు రాసింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. లోపలికి పరిగెత్తి ఫొటో తెచ్చిచ్చాడు.

"ఇది చూసి మళ్లా చెక్కుతా అవ్వా."

అవ్వకూ చదువు రాదు; ఆ పేరు ఆమె వేలికొనకే తెలుసు. ఫొటో మీద వేలితో మెల్లగా తడిమింది.

"ఇదీ నున్నగానే ఉంది రా," అంది.