బుంగల పిన్ని

మా రేవులో పడవ గట్టుకు కొట్టుకోకుండా మధ్యలో వేలాడదీసే గాలి ఫెండర్లను ఎవరూ ఫెండర్లు అనరు. బుంగలంటారు. ఓడలవాళ్ల కాగితాల్లో వాటికి నోరు తిరగని పేర్లుంటాయి గానీ, ఎంత పెద్ద పేరు పెట్టినా లోపలున్నది గాలే కదా! ఆ బుంగలకు గాలి పట్టేది, అతుకులు వేసేది, ఉప్పు కడిగి నీడన పడుకోబెట్టేది మా అమ్మ చెల్లెలు. వరసకు నా ఒక్కదానికే పిన్ని కావాలి. కానీ నెరిసిన గడ్డాల కెప్టెన్లు కూడా ఆమెను బుంగల పిన్ని అనే పిలుస్తారు.

తాళ్ల గోదాము వెనకాల ఉండేది ఆమె షెడ్డు. పైన రేకులకు నిండా మేకుల చిల్లులు. మధ్యాహ్నం ఆ చిల్లుల్లోంచి ఎండ సన్నగా, చారలు చారలుగా దిగేది. కింద నేలంతా బుంగలే. పడవలకు కట్టే నారింజ రంగువి, తెల్లవి, పెద్ద ఓడలకు కట్టే నల్లటివి, ఇనప గొలుసుల వల తొడుక్కున్నవి. నేను పడవ టిక్కెట్లు ఇస్తాను. పడవలు లేని వేళ కిటికీ మూసేసి అక్కడికి వెళ్లి కూచునేదాన్ని. సబ్బు, రబ్బరు, ఉప్పు కలిసిన వాసన. గోడ అవతల అలలు గట్టును తాకుతూ ఉండేవి. కాసేపటికి ఆ షెడ్డే నీళ్ల మీద మెల్లగా ఊగుతోందనిపించేది. ఎన్నోసార్లు ఒక పెద్ద బుంగకు ఒరిగి నిద్రపోయాను. నాది గొడవలమారి నోరని మా ఇంట్లో పేరు. అక్కడికి వెళ్తే మాత్రం నా నోరు కూడా పడుకునేది.

పిన్ని అతుకు వేసే పద్ధతి చూడాలి. మా తాతయ్య సైకిళ్లకు పంక్చర్లు వేసేవాడు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కణ్ణుంచి వస్తోందో చూసేవాడు. ఓడకు కట్టే బుంగను ముంచడానికి తొట్టి ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకని పిన్ని నీళ్లనే బుంగ దగ్గరికి తెచ్చింది. సబ్బునురుగు కుంచెతో దాని ఒళ్లంతా పూసి, ఎదురుగా పీట వేసుకుని కూచునేది. తొందరేమీ లేదు. ఎండచార ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగేది. అప్పుడు ఎక్కడో ఒక మూల చిన్న బుడగ ఉబ్బేది, రంగులు రంగులుగా. "దొరికావా తల్లీ," అనేది పిన్ని. అక్కడ గరుకు కాగితంతో రుద్ది, జిగురు రాసి, అతుకు పెట్టి, పైన ఇటుక పెట్టి మర్నాటిదాకా దాని జోలికి పోయేది కాదు.

కొత్తగా పడవ కొన్నవాళ్లు వస్తే, పెళ్లి సంబంధం కుదిర్చేదానిలా ఆరా తీసేది. పడవ పొడుగెంత, బరువెంత, పక్కన ఎలాంటి పడవలు ఆగుతాయి, ఆ చోట అల ఎక్కువా తక్కువా. అందరికీ సన్నగా, ముచ్చటగా ఉండే బుంగలే కావాలి. "అనుమానం ఉంటే పెద్దదే తీసుకో బాబూ. పెద్దదైతే మోసేటప్పుడు కాస్త బరువు, అంతే. చిన్నదైతే పడవే పోతుంది," అనేది.

"గాలి ఎంత పట్టాలి పిన్నీ?" అని అడిగేవాళ్లు.

ఓడ బుంగలకైతే మీటరు పెట్టి చూసేది. పడవ బుంగలకు మాత్రం అరచేత్తో నొక్కి, తర్వాత చెంప ఆనించేది. "నిద్రపోయే పిల్ల బుగ్గలా ఉండాలి. రాయిలా ఉంటే అది బుంగెందుకవుతుంది, రాయే కట్టుకోవచ్చుగా," అనేది.

ఆ షెడ్డు మూల, ఎండ పడని చోట, నాలుగు నీలం బుంగలు ఉండేవి. బొద్దుగా, కొత్తగా ఉండేవి. పడవ రంగు గీసుకుపోకుండా వాటికి పాత దుప్పటితో తొడుగులు కుట్టి ఉన్నాయి. అవి ఎప్పుడూ నీళ్లు చూసినవి కావు. అయినా మిగతావాటిని కడిగినప్పుడల్లా వాటినీ మంచినీళ్లతో కడిగేది. మూతలు సరిగ్గా బిగిశాయో లేదో చూసేది. మడత పడి పగలకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేది.

"ఇవెవరివి పిన్నీ?" అని అడిగాను ఒకసారి.

"ఒకాయన అడిగితే ఇద్దామని దాచాను."

"ఎవరా ఒకాయన?"

"అడిగినప్పుడు తెలుస్తుందిలే."

ఇక పిన్ని మొగుడు, మా బాబాయ్ సంగతి చెప్పాలి. ఆయన సరంగు, అంటే పడవ నడిపే ఆయన. వాళ్ల నాన్న చేయించిన చెక్క పడవలో జనాన్ని అవతలి ఒడ్డుకు దాటిస్తాడు. మనిషి మంచివాడే. కానీ మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఆ లెక్కన మా బాబాయ్ చక్రవర్తి. ఆయన పడవకు సన్నటి పాత బుంగలు ఉండేవి, వాళ్ల నాన్న కాలంనాటివి. చల్లటి పొద్దున్నే వాటికి తనే గాలి కొట్టేవాడు, గోరు గుచ్చినా దిగనంత. గట్టిగా ఉంటేనే కాస్తాయని ఆయన నమ్మకం. ఎండెక్కేసరికి లోపల గాలి ఇంకా ఉబ్బి అవి డప్పుల్లా మోగేవి. పడవ గట్టుకు తగలగానే బంతిలా ఎగిరి వెనక్కి పోయేది. ఆ ఊపులో బుంగలు పైకి లేచిపోయేవి. పడవ మళ్లీ వచ్చి ఒట్టి చెక్కతో గట్టును గుద్దేది. ఆ ధన్‌మన్న చప్పుడు వినగానే రేవంతా, "సరంగు వచ్చాడ్రోయ్," అనేది.

పెళ్లయిన కొత్తలో పిన్ని ఒకరోజు ఆయనకు చెప్పకుండా ఆ బుంగల్లో కాస్త గాలి వదిలిందట. గట్టు మీద కూచున్న మగాళ్లు ఊరుకుంటారా! పెళ్లాం సరంగు గాలి తీసేసిందని ఏడాదంతా నవ్వారు. ఆ రోజు నుంచి బాబాయ్ తన బుంగల మీద పిన్ని చెయ్యి పడనివ్వలేదు. ఎక్కడెక్కడి ఓడలో ఆమె కోసం వచ్చేవి. ఇంట్లో ఆయన మాత్రం అటు చూసేవాడు కాదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

నాకు ఒళ్లు మండిపోయేది. "ఆ పడవ విరిగేదాకా చూస్తూ ఊరుకుంటావా?" అని పిన్నిని నిలదీశాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే," అని నవ్వింది. నవ్వింది గానీ, బాబాయ్ పడవ గట్టు చేరే వేళకు ఏ పనిలో ఉన్నా చేతులు ఆపేసేది. ధన్‌మనే దాకా ఊపిరి బిగబట్టేది. నేను చూశాను. ఆ చప్పుడు ఆమెకే తగిలేది.

చివరికి ఆ వేసవిలో అనుకున్నంతా అయింది. మండే ఎండలో పడవ గట్టును గుద్దిన గుద్దుకు లోపలి పక్కటెముక చెక్క చిట్లింది. పడవను ఒడ్డుకు లాగి వడ్రంగిని పిలిచారు. ఆయన చిట్లిన చెక్కకు జోడుగా ఇంకో చెక్క బిగించి, నీళ్లు రాకుండా చేసి, చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "అన్నా, పాత చెక్క. ఇలాంటి దెబ్బ ఇంకొక్కటి పడిందంటే నావల్ల కాదు. పొయ్యిలోకే."

బాబాయ్ ఇంటికొచ్చి కిటికీ పక్కన కూచున్నాడు. ఎప్పుడూ బుంగమూతి పెట్టే మనిషి, ఆ రోజు మూతి కూడా పెట్టలేదు. ఆ పడవ తప్ప ఆయనకు ఇంకో పని రాదు, ఇంకో సరదా లేదు. అది పోతే మనిషి ఏమైపోతాడోనని నాకే భయం వేసింది. పిన్ని అన్నం పెట్టింది, మంచం వేసింది, బుంగల మాట మాత్రం ఎత్తలేదు.

పడవను మళ్లీ నీళ్లలోకి దించే రోజు పొద్దున్న, వేసవే అయినా, నీళ్ల మీద దట్టంగా మంచు పట్టింది. నేనూ పిన్నీ షెడ్డులో ఉన్నాం. గుమ్మం దగ్గర ఏదో పడ్డ చప్పుడైంది. చూస్తే బాబాయ్ పాత బుంగలు. ఆయన అప్పటికే వెనక్కి తిరిగి వెళ్లిపోతున్నాడు, సగం మంచులో కలిసిపోయాడు. అడగడానికి నోరు రాని మనిషి అంతకంటే ఎలా అడుగుతాడు?

పిన్ని ఆ పాతవాటిని చాలాసేపు చూసింది. వాటిని గోడవార పెట్టి, మూలకెళ్లి ఆ నాలుగు నీలం బుంగలు తెచ్చింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ ఒకాయన ఎవరో. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నేళ్లుగా కడుగుతూ, తిప్పుతూ, తొడుగులు ఉతుకుతూ! కాలితో పంపు మెల్లగా తొక్కింది. చెంప ఆనించి కళ్లు మూసుకుంది. ఇంకా మెత్తగానే ఉన్నాయనిపించింది నాకు. ఆమె మూతలు బిగించేసింది.

పడవ పొట్ట అన్నింటికంటే వెడల్పుగా ఉన్నచోట తనే వాటిని కట్టింది. బాబాయ్ వేలితో నొక్కి చూశాడు. వేలు లోపలికి దిగింది. ఆయన ముఖం పాలిపోయింది.

"ఏంటిది, గాలే లేదు?"

"ఉందండీ. ఎండెక్కాక ఇంకా ఉబ్బుతుంది."

"నాన్న పడవే ఇది."

"నాకు తెలుసు కదా," అంది పిన్ని.

ఆయన ఖాళీ పడవతో ఒక చుట్టు తిరిగి రావడానికి బయల్దేరాడు. నీళ్లేవో, మంచేదో తెలియడం లేదు. ఇంజను చప్పుడు దూరం పోయి, కలలో మాటలాగా ఎటో తిరిగి, మళ్లీ దగ్గరికొచ్చింది. అల లేచి ఉంది, గట్టు కింద నీళ్లు పొంగి దిగుతున్నాయి. పిన్ని గట్టు అంచున నిలబడింది.

మంచులోంచి పడవ ముక్కు కనిపించింది. తర్వాత చుక్కాని దగ్గర బాబాయ్. అల పడవను ఎత్తి గట్టు మీదికి తోసింది. బాబాయ్ పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు, ధన్‌మనే చప్పుడు కోసం. పుట్టినప్పటి నుంచీ ఆయన విన్నది అదొక్కటే కదా.

నీలం బుంగలు ఒక్కసారి నలిగి, లోపలికి ఊపిరి తీసుకున్నట్టు ఒదిగి, మెల్లగా వదిలాయి. పడవ ఎగరలేదు. అక్కడే ఆగింది. నేను తాడందుకుని గట్టు మీది దిమ్మెకు చుట్టాను. పిన్ని చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని పడవలోకి అడుగేసింది, ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినట్టే. వెళ్లి ఆయన పక్కన నిలబడింది. ఆయన ఇంకా కళ్లు తెరవలేదు. చేతులు చుక్కానిని గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

"ఇంకా తగల్లేదా?" అని అడిగాడు.

పిన్ని ఆ చేతి మీద చెయ్యి వేసింది.

"తగిలి చాలాసేపైందండీ. ఇంక ఇంజను ఆపండి."