నీలం చుక్క

మెర్ల్ హేగెన్‌కి తాత పేరు పెట్టారు. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ చెల్లే పేరే కదా అని తల్లి సర్దుకుంది. అయోవా మొక్కజొన్న పొలాల మధ్య ఆ పేరుతో ఎవరికీ ఏ చిక్కూ రాలేదు, పదమూడో ఏట ఆమె యూనివర్సిటీ వేసవి బడికి వెళ్ళేదాకా.

అది లెక్కల్లో చురుకైన పిల్లల బడి. అలాంటి మగపిల్లల మెదడూ ఆడపిల్లల మెదడూ ఒకేలా పనిచేస్తాయా అన్నది అక్కడి ప్రొఫెసర్ పరిశోధన. పిల్లలు లెక్క కడుతూ వేలితో మీట కొట్టాలి. ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో. ఏ చెయ్యి తడబడితే దానికి అవతలి సగం మెదడు లెక్కలో మునిగినట్టు. అందరిలోకీ ఎడమచేతి వాటం మెర్ల్ ఒక్కదానిదే.

మళ్ళీ ఏడాది పంపేదీ లేనిదీ ప్రొఫెసర్ మాట విన్నాకే తేలుస్తానన్నాడు తండ్రి ఆర్విల్. ఆఖరి రోజు తల్లిదండ్రులకి తెరమీద చుక్కలు చూపించారు. ఒక్కొక్కరికీ ఒక్కో చుక్క, లెక్కలు ఎంత బాగా చేస్తే అంత పైన. నీలం మగపిల్లలు, ఎరుపు ఆడపిల్లలు.

"అన్నిటికన్నా పైనున్న ఈ నీలం చుక్క చూడండి. ఎడమచేతి వాటం కుర్రాడు. ఆడపిల్లలెవరూ ఇక్కడిదాకా రాలేదు. వాళ్ళ మెదడు అమరికే వేరు," అన్నాడు ప్రొఫెసర్.

మెర్ల్ చెయ్యెత్తింది. "ఎడమచేతి వాటం నాకొక్కదానికే సార్. అది నేనే."

"నీ పేరేంటమ్మా?"

"మెర్ల్."

హాలంతా నవ్వింది. "మీసాలొచ్చాయేమో చూడండయ్యా!" అన్నారెవరో వెనకనుంచి.

ప్రొఫెసర్ కూడా నవ్వాడు. "పేరు చూసి పొరబడ్డాం. ఆ చుక్క తీసేద్దాంలే."

"ఎర్రవాటిలో పెట్టరా?"

"నిన్ను కలిపితే మిగతాదంతా చెడుతుందమ్మా. నీలాంటి ఎడమచేతి వాటం వాళ్ళని లెక్కలోకి తీసుకోం."

ఇంటికి వెళ్తూ ట్రక్కులోనే ఆర్విల్ తేల్చేశాడు.

"విన్నావుగా. లెక్కలోకే రానిదానివి, మళ్ళీ వెళ్ళి ఏం చేస్తావు?"

"ఆయనన్నది అది కాదు నాన్నా. పై చుక్క నాదే."

"తీసేశాడుగా! వచ్చే వేసవి అమ్మకి సాయంగా ఉండు."

ఇప్పుడామెకి యాభై దాటాయి. ఊరి గిడ్డంగిలో మొక్కజొన్న లారీలు తూకం వేస్తుంది. గింజల తడికి ఎంత తరుగు తీయాలో నోటితోనే కట్టేస్తుంది. కోతల రోజుల్లో కొత్త డ్రైవరొకడు కిటికీలోంచి తొంగిచూశాడు.

"అమ్మా, మెర్ల్‌ని కాస్త పిలుస్తారా? తరుగు లెక్క ఆయన్నే అడగమన్నారు."

మెర్ల్ ఎడమచేత్తో తూకం యంత్రం మీట నొక్కింది.

"ఆయన లేడు. బండి ముందుకి తియ్యి."