దగ్గరి రక్తం

గౌరవనీయులైన సంబంధిత అధికారులకు, ఏ సంబంధమూ లేకున్నా చదువుతున్న పాఠకులకు సవినయంగా తెలియజేయునది: మా గని కాలనీ పాస్టరు కాక నిన్న ఉదయం కన్నుమూశారు. ఆయనకు భార్యాబిడ్డలు లేరు. భౌతికకాయం ఇంకా దవాఖాన శవాగారంలోనే ఉన్నది. రక్తసంబంధి వచ్చి సంతకం చేస్తే తప్ప ఇవ్వరట.

ప్రాచీన హెబ్రీయుల యాజక ధర్మమంటే కాకకు ప్రాణం. తక్కిన బోధకులు పరలోకాన్ని వర్ణిస్తుంటే, ఆయన దేవుని గుడారంలోకి వెళ్ళే యాజకుడు కాళ్ళూ చేతులూ ఎందుకు కడుక్కోవాలో చెప్పేవారు. షిఫ్టు దిగి, ఒంటి బొగ్గు కడుక్కుని వచ్చి కూర్చున్నవాళ్ళకు వేరే వివరణ అవసరమయ్యేది కాదు.

ఆ ధర్మంలో ఒక నియమం ఉంది. యాజకుడు శవాన్ని ముట్టరాదు. తల్లి, తండ్రి, బిడ్డ, తోబుట్టువు వంటి దగ్గరి రక్తమైతేనే ముట్టవచ్చు. కాక మాత్రం దిక్కులేని ప్రతి శవానికీ తానే స్నానం చేయించేవారు. చర్చి సంఘపెద్ద ఒకాయనకు ఇది సహించలేదు.

"ఈయన నీకేమైతడు కాకా?"

"తమ్ముడు."

"మరి మొన్నటాయన?"

"అన్న."

"మీ అవ్వకు ఎంతమంది కొడుకులే?"

"ఒక షిఫ్టు నడిపేటంత మంది."

పెద్దాయన నవ్వలేదు. కాక మెల్లగా అన్నారు: "చావు అంటుతదని కాదు బిడ్డా ఆ నియమం. యాజకుని చేతులు ప్రాణం దిక్కే ఉండాలెనని. అయినా సొంతోడు పోతే ముట్టొద్దని దేవుడు కూడా అనలేకపోయిండు. సొంతోళ్ళు ఎవరన్నది, ఇగ నేను చూసుకుంట."

ఈ వ్యాఖ్యానాన్ని ఏ పరిషత్తూ ఆమోదించలేదు. కాక ఆమోదానికి పంపనూ లేదు.

కరోనా కాలంలో మా వీధి మెకానిక్ భాయి తండ్రి చనిపోతే చుట్టాలెవరూ రాలేకపోయారు. తమ పద్ధతి ప్రకారం భాయే తండ్రికి స్నానం చేయించాడు. కాక పక్కన నిలబడి నీళ్ళందించారు. జనాజా మోయడానికి భుజం కూడా పట్టారు.

నిన్న ఆ భాయే దవాఖాన గుమాస్తా ముందు నిలబడ్డాడు.

"నువ్వేమైతవ్?"

"తమ్ముణ్ణి సాబ్."

"పేరు చూస్తే గట్ల లేదు గదా?"

"పేరు మా అమ్మ పెట్టింది సాబ్. తమ్ముణ్ణి ఆయన చేసిండు."

గుమాస్తా మంచివాడే. ముందు నియమం చూపించాడు, తరువాత కుర్చీ చూపించాడు. భాయి కూర్చోలేదు.

కావున కాలనీవాసుల తరఫున ఈ క్రింది డిమాండును లిఖితపూర్వకంగా నమోదు చేస్తున్నాము.

1. శవాగారం బయట ఒక తమ్ముడు నీళ్ళ బకెట్టుతో, భుజాన కొత్త తెల్లబట్టతో నిలబడి ఉన్నాడు. ఆయనను లోనికి పంపవలెను.