ఉక్రెయిన్ పుస్తకాల పట్టికకు నేను చేసిన సప్తాహం

శ్రీరామచంద్రమూర్తికి కోటి దండాలు. ఆ నామాన్ని గుండెల్లో మోసే మా మన్సూరాబాద్ ఆంజనేయస్వామికి ఇంకో కోటి. వానరాల చేత వారధి కట్టించిన ప్రభువు నా చేత పరిశోధన చేయించడం పెద్ద విచిత్రమేమీ కాదు. కాకపోతే వానరాలు రాళ్లను నీళ్లలో వేశాయి. నేను నెత్తిన వేసుకున్నాను.

ముందే చెప్తున్నాను, ఇందులో ఒక ప్రళయం ఉంది. పట్టపగలు పదకొండింటికి, ఏసీ గదిలో, ఐదుగురు పెద్దమనుషుల ఎదుట జరిగిన ప్రళయం. గుండె దిటవు చేసుకుని చదవండి.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో కరెంట్ అఫైర్స్ చెప్పేదాన్ని. టీవీల నిండా యుద్ధం వార్తలే. ఒకరోజు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది.

"మేడం, ఉక్రెయిన్ రాజధాని చెప్పిండ్రు, కరెన్సీ చెప్పిండ్రు. అసలు ఆ దేశం కథేంది మేడం?"

చరిత్రలో ఎంఏ చేసిన నేను బోర్డు తుడవడం మొదలుపెట్టాను. అప్పటికే తుడిచి ఉన్న బోర్డు! ఆ సిగ్గులోంచే పుట్టింది నా నిర్ణయం: పీహెచ్‌డీ అంటూ చేస్తే ఆ దేశం మీదే చేయాలి. అప్పటికి రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఈ మూడోసారి కూడా సీటు రాకపోతే ఇక చదువు మాటే ఎత్తనని దేవుడి ముందు అనేసుకున్నాను. అంటే ఇక జీవితాంతం రాజధానులూ కరెన్సీలే.

యూనివర్సిటీలో నాకు గైడుగా ఉంటారనుకున్న ప్రొఫెసర్ మూర్తిగారిని ముందుగా వెళ్లి కలిశాను. గుంటూరు వైపు మనిషి, మాట నెమ్మది.

"చూడమ్మా, ఉక్రెయిన్ మీద ఇంగ్లిషులో జరిగిన పరిశోధనకంతా ఒక రిఫరెన్స్ గైడ్ ఉంది. ఎవరు ఏం రాశారో, దేని గురించి రాశారో వరసగా ఉంటుంది. అందులో లేని పుస్తకం లేదనుకో. మా లైబ్రరీలోనే ఉంది. ఇంటర్వ్యూకి వచ్చేలోపు శ్రద్ధగా చూసుకుని రా."

అదొక పుస్తకాల పట్టిక. ఒక్కో పుస్తకానికి నంబరు, రచయిత పేరు, పేజీల లెక్క, రెండు ముక్కల వివరణ. మనకు కావలసిన పుస్తకం ఏదో అందులో వెతుక్కుని, ఆ తర్వాత ఆ పుస్తకం తెచ్చుకుని చదవాలి. ఈ సంగతి ఇప్పుడు మీకూ తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు మీకు తెలిసి ఉండొచ్చు.

పదేళ్ల వయసు నుంచి మా సత్సంగంలో గ్రంథం చదివే గొంతు నాది. "ఇందులో లేనిది లేదు" అని పెద్దలు చేతికిచ్చిన గ్రంథాన్ని చదివే పద్ధతి మాకు ఒక్కటే. సప్తాహం! ఏడు రోజులు, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, పైకి, దీపం ముందు. చదివితే చాలు, ఫలం దానంతటదే వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ తీయించి బైండింగ్ చేయించాను. షాపతను పేజీలు తిప్పి చూశాడు.

"గిదేం బుక్ అక్కా? ఒక్క బొమ్మ లేదు."

"గ్రంథం తమ్ముడూ. జర కింద పెట్టకు."

పసుపు గుడ్డలో చుట్టి, గుండెలకు హత్తుకుని మెట్రో ఎక్కాను. ఒక పెద్దాయన ఆ మూట చూసి భక్తితో లేచి సీటిచ్చాడు. పుస్తకాన్ని కూర్చోబెట్టి ఎల్బీనగర్ దాకా నేను నిలబడ్డాను.

సాయంత్రం ఆరింటికి గుడి పక్క హాల్లో పారాయణం మొదలు. ఉల్లి మానేశాను, వెల్లుల్లి మానేశాను. నియమాల సంగతి చూడడానికి రిటైర్డ్ టీచరు సుబ్బలక్ష్మిగారు, వినడానికి సత్సంగం మొత్తం. అందరికంటే ముందు, నల్లగొండ పల్లె నుంచి వచ్చి మా వీధిలో పూలమ్ముకునే యాదమ్మ పెద్దమ్మ.

"ఒకటో పుస్తకం. నాలుగు వందల పేజీలు. పటాలు కలవు," అని చదివాను.

"జై శ్రీరామ్!" అంది హాలు.

"రెండో పుస్తకం. పటాలు లేవు."

"జై శ్రీరామ్!"

మూడో రోజుకు యాదమ్మ పెద్దమ్మ అడగనే అడిగింది. "కథ ఎప్పుడొస్తది బిడ్డా?"

"ఓపిక పట్టు పెద్దమ్మా. ముందుంది."

నాలుగో రోజు మళ్లీ చెయ్యెత్తింది. "గీ రాసినోళ్లంత ఏ ఊరోళ్లు?"

"కొందరు అమెరికా, కొందరు కెనడా, కొందరు ఇంగ్లండ్."

"మరి ఆ దేశంల ఉన్నోళ్లు ఏమంటరు? మా ఊరి ముచ్చట, ఊరు దాక రాకుండ బాటసింగారంల రోడ్డు మీద లారీ ఆపి నీళ్లు తాగినోడు చెప్తే ఎట్లుంటది?"

"అయ్యో యాదమ్మా, పారాయణ మధ్యలో ప్రశ్నలు వేయకూడదండీ," అన్నారు సుబ్బలక్ష్మిగారు.

"దోషం పెద్దమ్మా," అని నేను వంత పాడి, ఆమె చేతిలో తీర్థం పోశాను. తాగుతూ ఎవరూ మాట్లాడలేరు కదా!

ఏడో రోజు చివర్లో పదసూచిక వచ్చింది. అదే ఫలశ్రుతి అనుకుని అందరినీ లేపి నిలబెట్టాను. 'అ' నుంచి 'క్ష' లాగా, ఇంగ్లిషులో ఏ నుంచి జెడ్ దాకా, అరవై ఏళ్ల మోకాళ్లతో నిలబడే విన్నారు పాపం. హారతి, పులిహోర, జయజయధ్వానాలు!

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నాతోపాటు "రామ రామ" అనండి. ఎందుకంటే ఇప్పుడు నేను ఇంటర్వ్యూ గదిలోకి వెళ్తున్నాను.

"ఏం చదివావమ్మా?" అన్నారు మూర్తిగారు.

"గైడ్ మొత్తం సార్! ఏడు రోజుల్లో. అక్షరం వదల్లేదు."

ఆయన కళ్లజోడు ముక్కు కొసకు జారింది. "అది చదివే పుస్తకం కాదమ్మా, వెతుక్కునే పుస్తకం. సరే, అందులో ఉన్న పుస్తకం ఒక్కటి చెప్పు."

"నూట పన్నెండు సార్! రైతుల మీద. మూడు పటాలు. కొత్తవారికి ఉపయోగకరం."

"రైతుల గురించి ఏమని రాశారు?"

"ఉపయోగకరంగా రాశారు సార్."

పక్కనున్న మేడం గొంతు సవరించుకున్నారు. "పోనీ నూట పదమూడు?"

"దానికి పటాలు లేవు మేడం."

మెస్సు ముందు బోర్డు మీద కూరల పేర్లన్నీ చదివి, చెయ్యి కడుక్కుని, బ్రేవ్‌మని త్రేన్చిన మనిషిలా ఉన్నాను నేను. ఆకలి సంగతి అప్పుడే తెలిసింది.

"ఏదీ, ఆ గైడ్ ఇటివ్వు," అన్నారు మేడం. నా ఒళ్లోని మూట తీసుకుని విప్పారు. కర్పూరం వాసన గుప్పుమంది. అక్షింతలు టేబుల్ నిండా దొర్లాయి, ఒక తులసి దళం మూర్తిగారి పెన్ను మీద వాలింది. అంతవరకు కళ్లతో నిప్పులు కురిపించిన ఆ మేడం, అలవాటు కొద్దీ, పుస్తకాన్ని కళ్లకద్దుకున్నారు! తర్వాత గబుక్కున కిందికి దించి దగ్గారు.

మూర్తిగారు నవ్వు ఆపుకుంటూ అడిగారు. "ఆఖరి ప్రశ్న. ఇన్ని పేజీలు చదివావు, ఒక్క సందేహమైనా రాలేదా?"

నాకు రాలేదు. కానీ ఒకరికి వచ్చింది. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఇదంతా బయటి దేశాల్లో ఉన్నవాళ్లు ఇంగ్లిషులో రాసింది కదా సార్. ఆ దేశంలోనే ఉన్నవాళ్లు ఏమంటారు? రెండూ ఒకటేనా?"

ఐదుగురూ ముందుకు వంగారు. "ఈ ప్రశ్న మీద ఒక పీహెచ్‌డీ చేయొచ్చు," అన్నారు మేడం.

"నీకే తట్టిందా అమ్మా?" అన్నారు మూర్తిగారు.

అవునంటే సీటు వస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా తులసి దళం.

"కాదు సార్. మా యాదమ్మ పెద్దమ్మ అడిగింది. నేనే తీర్థం పోసి నోరు మూయించాను."

"అయితే సీటు ఆవిడకే ఇవ్వాలి."

"ఆమెకు చదవడం రాదు సార్."

"నీకు మాత్రం వచ్చా?"

ఆ నవ్వులు కారిడార్ దాకా వినిపించాయట. సీటు మాత్రం వచ్చింది, ఒక షరతుతో: నెల తిరిగేలోపు నూట పన్నెండో పుస్తకం తెచ్చుకుని చదివి, రైతులకు ఏమైందో చెప్పాలి.

ఎగురుకుంటూ పూల బండి దగ్గరికి పరుగెత్తాను. "పెద్దమ్మా! నీ ప్రశ్నకు సీటొచ్చింది!"

"గట్లనా? మరి జవాబేంది?"

"దానికి నాలుగైదేళ్లు పడ్తది పెద్దమ్మా."

"ఏడు దినాలల్ల అంత అయిపోయిందని పులిహోర పెట్టినవ్ గదనే!"

కనుక స్వామి సన్నిధిలో సత్యప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ పట్టికకూ దీపం పెట్టను. ఏ పదసూచికకూ లేచి నిలబడను. ప్రశ్న అడిగినవారి చేతిలో తీర్థం పోయను. సిద్ధాంత గ్రంథం వచ్చే నెల ఇవ్వాలి, చివర్లో నేను వాడుకున్న పుస్తకాల పట్టిక కూడా ఉంటుంది. మీరూ చేతులు జోడించి నాతో అనండి: రామయ్య తండ్రీ, ఆ పట్టికను ఎవరూ పారాయణం చేయకుండా కాపాడు.