కుడి జేబు

నా ప్యాంట్లన్నిటికీ కుడి జేబు ఎడమదానికంటే రెండంగుళాలు లోతు. టైలరు ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఐదేళ్లపాటు ఆ జేబులో చిన్న రివాల్వరు ఉండేది. బెంగళూరు యలహంకలో నేను కొన్న ఇంటిస్థలం తమదంటూ ఇద్దరు ఒకసారి నా కారుకు బైకు అడ్డం పెట్టి బెదిరించాక లైసెన్సు తీసుకున్నాను. వాళ్లు మళ్లీ కనబడలేదు. భయం మాత్రం రోజూ నాతోపాటు పీణ్యలోని నా లేత్ షాపుకు వచ్చి, సాయంత్రం నాతోనే ఇంటికి తిరిగొచ్చేది.

రివాల్వరును ఊరికే జేబులో వేసుకుంటే కుదరదు. అడ్డం తిరుగుతుంది. తాళంచెవి ట్రిగ్గర్లో ఇరుక్కుంటే నా తొడ ఏమవుతుందోనని నడిచినంతసేపూ అదే ధ్యాస. అందుకని దానికి ఒరలాంటి తోలు హోల్‌స్టర్ కొన్నాను. మొదటిది మరీ మెత్తన, తీస్తే రివాల్వరుతోపాటు అదీ బయటికొచ్చేది. రెండోది బిరుసుగా ఉండి ట్రిగ్గరును బాగానే మూసింది, కానీ కూర్చుంటే ప్యాంటు మీద లోపలిదాని ఆకారం తేలేది. మూడోదానికి బయటివైపు గరుకు తోలు, జేబు గుడ్డను పట్టుకుని కదలదు. పెళ్లి చీర కూడా ఇంత ఏరి కొనలేదని మా ఆవిడ ఎగతాళి చేసింది.

అయినా రివాల్వరు సాఫీగా రాలేదు. గుళ్లు తీసేసి, గది తలుపు వేసుకుని, అద్దం ముందు తీసి చూసుకునేవాణ్ణి. ప్రతిసారీ ఎక్కడో తట్టుకునేది. వెనక పైకి లేచి ఉండే హ్యామర్ కొన గుడ్డకు తగులుతోందని తేల్చాను. ముప్పై ఏళ్లు లేత్ ముందు నిలబడ్డవాణ్ణి, లోపం వస్తువులోనే వెతుకుతాను.

ఆయుధపూజ నాడు లేత్‌కు కుంకుమ బొట్టు పెడుతుంటే అది గీతలా సాగింది. నూనె జిడ్డని తిట్టుకుని, తుడిచేసి మళ్లీ పెట్టాను. మళ్లీ సాగింది. పీట మీదున్న ఖాళీ రివాల్వరుకు నువ్వే పెట్టు అని మా ఆవిడతో అన్నాను. ఆమె నన్నొకసారి చూసి, పెట్టింది. నేను చెయ్యి జేబులో దూర్చుకున్నాను. అప్పటికే అది అలవాటు. షాపులో అందరూ నేను ఆయుధం మీద చెయ్యేసి ఉన్నాననే అనుకునేవారు.

పండగ తర్వాత, లైసెన్సు తుపాకులు అమ్మి, బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మూడు పనులు చెప్పాను: హ్యామర్ కొన అరగదీయాలి, పిడి లావుది వేయాలి, ట్రిగ్గర్ తేలిక చేయాలి. ఆయన గుళ్లు తీసి, రెండుసార్లు చూసుకుని, ఖాళీ రివాల్వరు నా చేతికిచ్చాడు.

“జేబులో పెట్టి, తీసి చూపీప్పా.”

తీశాను. ఆయన రివాల్వరును చూడలేదు, నా మణికట్టును చూశాడు.

“పర్మిషన్ కాగితం తెస్తే హ్యామర్ అరగదీస్తా. పిడి మారుస్తా. ట్రిగ్గర్ మాత్రం ముట్టుకోను.”

“ఏం?”

“చెయ్యి ఎన్నాళ్లనించి ఇట్ల వణకతా ఉండాది?”

నాకు ఒళ్లు మండింది. తప్పు గుడ్డదేనని వాదించాను. ఆయన నిండా ఉన్న టీ గ్లాసు నా ముందుకు జరిపాడు. దాన్ని నేను ముట్టుకోలేదు. వెంట్రుకవాసి తేడాను వేలితో తడిమి చెప్పిన చెయ్యి ఇది. ఇది పోతే నేనెవరినన్న భయం ముందు ఆ బైకు మనుషులు నాకు గుర్తు కూడా రాలేదు.

రివాల్వరు ఆయన దగ్గరే డిపాజిట్ చేసి, రసీదు తీసుకుని ఇంటికి వచ్చాను. మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“రివాల్వరు ఇచ్చేసొచ్చినా,” అన్నాను.

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె తల ఎత్తి నా ప్యాంటు వైపు చూసింది.

“మరి చెయ్యి ఇంకా జేబులోనే ఉండాదే?”

ఆమె చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది.

“పండగనించి చూస్తానే ఉండాను. బయటికి తీయండి.”

తీశాను. ఎక్కడా తట్టుకోకుండా వచ్చింది, వణుకుతూనే.