పళ్లు రాని గవ్వ

విజయనగరంలో ఆరుంపావు ప్యాసింజరు ఎక్కినప్పుడు నా సంచిలో ఇడ్లీ పొట్లం, ఒక చెక్కపెట్టె ఉన్నాయి. పెట్టెలో ఐదు గళ్లు, నాలుగు గవ్వలు. గవ్వ ఎలా ఎదుగుతుందో బడిపిల్లలకు చూపించాలని పదకొండేళ్లుగా ఏరి పెట్టినవి. మూడో గడి మాత్రం ఖాళీ. నోటి అంచు అప్పుడే లోపలికి ముడుచుకుంటూ, ఇంకా పళ్లు, అంటే అంచున పళ్లలాంటి గాట్లు, కట్టని గవ్వ కావాలి. ఆ దశ కొద్ది రోజులే ఉంటుంది, అందుకే దొరకదు. ఈ నెలాఖరుకు బడిలో నా ఉద్యోగం అయిపోతుంది. ఆ గడి నింపకుండా దిగిపోవడానికి మనసొప్పలేదు.

తొమ్మిదిన్నరకు పలాసలో దిగి, కాశీబుగ్గలో టీ తాగి, సోంపేట మీదుగా బారువ వెళ్లే బస్సెక్కాను. పక్క సీటులో జీడిపప్పు ఏరే పనికి వెళ్లే ఆవిడ నా పెట్టెలోకి తొంగి చూసింది.

"ఏటి బాబూ, ఆ మొదటిది నత్తగుల్లలాగుంది?"

"అదీ గవ్వేనమ్మా. చిన్నప్పుడు పెంకు పలచన, నోరు వెడల్పు. పళ్లు కట్టాక ఇక పొడవు పెరగదు, మందమవుతుందంతే."

"మనమూ అంతే గదా!" అని తన నడుం చూసుకుని నవ్వింది. నేనూ నా పొట్ట సర్దుకున్నాను.

పదకొండున్నరకు తీరం చేరాను. అప్పటికే వల లాగి చేపలు తీసేశారు. వల లాగడం చూడాలంటే ఇంకా ముందే చేరుకోవాలి. వల దులిపిన చెత్తలో నూకాలు అనే పెద్దావిడ ఒక్కతే గవ్వలు ఏరుతోంది. నా పని చెప్పగానే కొంగుముడి విప్పింది. ఒకటి గూని గవ్వ. ఇంకొకటి నడిమికి పగిలి, తనంతట తనే వంకరగా అతుక్కుంది. ఆ అతుకు మీదా అదే మెరుపు! అబ్బ, ఎంత పనితనం!

"ఇయ్యి దెబ్బతిని బతికినయ్యి బాబూ. బాగున్నయ్యి బేరగాళ్లకిచ్చీసి, ఇయ్యి నానే దాసుకుంతాను."

చెత్తలోంచి ఇంకొకటి తీసి, నీళ్ల డబ్బాలో వేసి చూపించింది. అంచు ముడుచుకుంటోంది. ఒక్క పన్నూ లేదు. మూడో గడికి కావలసింది అదే! ఇంతలో లోపలి ప్రాణి పలచని తెరను రెండు వైపులా చాచి, మెల్లగా పెంకును కప్పుకుంది. ఆ మెరుపు దిద్దేది ఆ తెరే. పుస్తకంలో చదివి చెప్పడమే తప్ప కళ్లారా చూడటం అదే మొదలు.

"పళ్లు రాని పిల్లని మేం ఇంటికి అట్టుకెల్లం బాబూ. నీటిలో ఒగ్గీడమే. మీరు సదువుకున్నోరు, మీ ఇట్టం."

చేతికందాక వదలడమా? పెట్టె తెరిచి మూడో గడి చూసుకున్నాను. చివరికి ప్యాంటు తడుపుకుంటూ నడుంలోతు నీళ్లలోకి దిగి వదిలేశాను. ఒడ్డుకొచ్చాక నిజంగానే ఏడుపొచ్చింది. నూకాలు అతుకు గవ్వను నా చేతిలో పెట్టింది.

సాయంత్రం పలాసలో ఐదింటి బండెక్కాను. ఐదో గడిలోని గవ్వ పక్కన అతుకు గవ్వను సర్దాను. బస్సు టికెట్టు వెనక నాలుగు మాటలు రాసి, మూడో గడిలో పెట్టి మూత వేశాను.

"ఇది బారువ సముద్రంలో పెరుగుతోంది."